షోకాజ్ వచ్చింది, జవాబు రాయాల్నా, సొంతంగా డిశ్చార్జ్ అడగాల్నా?

ఆర్మీల తాగుడు కేసుల్లో 4 రెడ్ ఇంక్ ఎంట్రీలు (సర్వీస్ రికార్డుల ఎర్ర సిరాతో రాసే శిక్షలు) పడి, నిన్నెందుకు తీసేయొద్దో చెప్పు అని షోకాజ్ నోటీసు వస్తే సికింద్రాబాద్ తిర్మలగిరి, బొల్లారం దిక్కు ఫౌజీ ఇళ్లల్లో ఇదే లొల్లి.

ఖర్చు: సొంతంగా అడిగితే ఏం లేదు. కొట్లాడితే జవాబు దాకా ఫ్రీనే, ట్రిబ్యునల్‌కి (ఫౌజీల కేసులు చూసే కోర్టు) పోతే వకీలు ఫీజు.

శ్రమ: అడిగినా పైనోళ్లు ఒప్పుకోవాలె. కొట్లాటకైతే ముందు డిపార్ట్‌మెంట్ కంప్లైంట్, దాని మీద ఆర్డర్ వచ్చిన 6 నెలల్లో ట్రిబ్యునల్, ఓపిక గావాలె.

రిస్క్: అసలు కథ ఇక్కడుంది. జవాన్ 15 ఏళ్లు నిండకుండా తనే అడిగి బయటికొస్తే సర్వీస్ పెన్షన్ పాయె, తర్వాత కేసేసినా "నువ్వే అడిగినవ్ గదా" అంటరు. జవాబు రాస్తే పట్టు ఉంటది, ఎందుకంటే 4 ఎంట్రీలున్నయని గుడ్డిగా తీసేయొద్దు, ముందు విచారణ చేయాలె, ఎంత సర్వీసుంది, ఎంత కష్టమైన పోస్టింగులు చేసిండు చూడాలె అని దూబే అనే ఫౌజీ కేసులో సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది (చాలామంది జవాబులో ఈ ముచ్చటే రాయరు, క్షమించండి సార్ అని రెండు లైన్లు రాసి ఇచ్చేస్తరు).

ఎవరికేది: 15 నిండినోళ్లకి డిశ్చార్జ్ అయినా పెన్షన్ ఉంటది, డిస్మిస్ (శిక్ష కింద తీసేసుడు) అయితేనే తిప్పలు, సో వాళ్లు సొంతంగా అడిగినా నడుస్తది. 12, 13 ఏళ్ల కాడ ఉన్నోళ్లు మాత్రం జవాబే రాయాలె.