విడి ప్రీయాంప్ ఎవరికి కావాలి? ఫోకస్‌రైట్ ఐఎస్‌ఏ వన్ కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. ప్రీయాంప్ అంటే మైకు ఇచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే భాగం. మైకుని లాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్‌లో అది ఎలాగూ ఉంటుంది, ఐఎస్‌ఏ వన్ దాన్ని విడిగా ఇచ్చే పెట్టె. మీ మైకు కండెన్సర్ (కరెంటు తీసుకుని పెద్ద సిగ్నల్ ఇచ్చే రకం) అయితే, మీరు రికార్డ్ చేసేది దగ్గరగా నిలబడి పాడే గొంతే అయితే, ఐఎస్‌ఏ వన్ లాంటి విడి ప్రీయాంప్ మీకు అక్కర్లేదు. ఆ డబ్బు గది మీద పెట్టండి, మందపాటి కర్టెన్లు, ధ్వనిని పీల్చే రాక్‌వుల్ ప్యానెళ్లు చేయించుకుంటే తేడా ఇంకా బాగా వినిపిస్తుంది. నేను మాత్రం దీన్ని రెండు పనుల కోసం కొన్నాను. విజయవాడలో మా ఫ్లాట్‌లో ఒక గదిని స్టూడియో చేసుకుని షూర్ ఎస్‌ఎం7బీ అనే డైనమిక్ మైకు మీద కథలు, నవలలు చదువుతుంటాను, సెలవులకి అక్క వచ్చినప్పుడు తన వీణని బేయర్‌డైనమిక్ ఎం160 రిబ్బన్ మైకుతో (లోపల సన్నని లోహపు రేకు కదిలే రకం) రికార్డ్ చేస్తాను. ఈ రెండు మైకులూ సిగ్నల్ బాగా తక్కువ ఇచ్చే రకం.

ఎంత తక్కువంటే, ఒక పాస్కల్ ధ్వని పీడనానికి ఎస్‌ఎం7బీ ఇచ్చేది 1.12 మిల్లీవోల్టులు, ఎం160 ఇచ్చేది దాదాపు 1 మిల్లీవోల్టు. చాలామంది ఇంటి స్టూడియోల్లో ఉండే రోడ్ ఎన్‌టీ1-ఏ అనే కండెన్సర్ అదే ధ్వనికి 25 ఇస్తుంది. డెసిబెల్స్‌లో చూస్తే 27, 28 దాకా తేడా, దాన్ని పూడ్చాల్సింది ప్రీయాంపే. ఎస్‌ఎం7బీకి 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఉండాలంటారు, నా పాత ఇంటర్‌ఫేస్ 56 దగ్గర ఆగిపోయేది. నాబ్ చివరిదాకా తిప్పితే వెనక సన్నగా సుయ్‌మని హిస్ వచ్చేది. మామూలుగా మాట్లాడుతున్నంతసేపూ తెలియదు కానీ, కథలో గొంతు తగ్గించి చదివే చోట వాక్యానికీ వాక్యానికీ మధ్య అది పైకి తేలేది. ఆడియో పుస్తకాలకి ఆడిబుల్ వాళ్ల ఏసీఎక్స్ అనే వేదిక పెట్టిన కొలతల్ని నేను పాటిస్తాను: నాయిస్ ఫ్లోర్ (ఎవరూ మాట్లాడనప్పుడు మిగిలే చప్పుడు) మైనస్ 60 డెసిబెల్స్ కంటే కింద ఉండాలి, ఆర్ఎంఎస్ (సగటు లెవెల్) మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య ఉండాలి. రికార్డింగు మెల్లగా పడి, తర్వాత లెవెల్ పెంచామంటే హిస్ కూడా దాంతోపాటే పెరుగుతుంది కాబట్టి చప్పుడుని ఆ మైనస్ 60 కింద ఉంచడం ప్రతిసారీ టెన్షనే.

వీణ దగ్గర ఈ సంగతి ఇంకా బాగా తెలిసింది. వీణ నాదం గట్టిగా మొదలై చాలాసేపు తగ్గుతూ పోతుంది, ఆ తగ్గేటప్పుడే అక్క తీగని లాగి గమకం పలికిస్తుంది. అంటే సంగీతమంతా సిగ్నల్ అతి తక్కువగా ఉన్న చోటే ఉంది, హిస్ ఉండేదీ సరిగ్గా అక్కడే. సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. గొంతుకైతే కొంతవరకు సరే. వీణకి మాత్రం వద్దనే నేను గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఆ ప్లగిన్‌కి హిస్ ఏదో, ఆరిపోతున్న నాదం ఏదో తెలియదు, రెండిటినీ కలిపి కోసేస్తుంది, గమకం మధ్యలో తెగిపోయినట్టు ఉంటుంది. కండెన్సర్ పెడితే గెయిన్ బాధ ఉండదు, నిజమే, పెట్టి చూశాం కూడా. కానీ మీటు పడ్డప్పుడు తీగ చేసే లోహపు చప్పుడూ, మెట్ల మీద వేలు జారే రాపిడీ ముందుకొచ్చేస్తాయి. రిబ్బన్ వాటిని మెత్తగా వినిపిస్తుంది. ఆ మెత్తదనం కోసమే ఎం160, ఎం160 కోసమే ఇంత గెయిన్.

ఐఎస్‌ఏ వన్‌లో మొత్తం 80 డెసిబెల్స్ దాకా ఉంది. 10 చొప్పున మెట్లుగా 60 వరకు ఒక నాబ్, దాని మీద ఇంకో 20 మెల్లగా పెంచుకునే ట్రిమ్. వీణకి 70 దాటించి పెట్టుకుంటాను, అయినా గది చప్పుడే వినిపిస్తుంది తప్ప ప్రీయాంప్ చప్పుడు కాదు. ఇందులో ఉన్నది లుండాల్ ఎల్ఎల్1538 ట్రాన్స్‌ఫార్మర్, 1985లో బీటిల్స్ పాటల నిర్మాత జార్జ్ మార్టిన్ ఎయిర్ స్టూడియోస్ కోసం ఇంజినీర్ రూపర్ట్ నీవ్ డిజైన్ చేసిన ఐఎస్‌ఏ 110లో వాడిన భాగమే. ఈ చరిత్ర చదివి గొంతుకి ఏదో మాయ చేస్తుందని కొనకండి. కాస్త నిండుగా, శుభ్రంగా ఉంటుంది, అంతే. మైకుని రెండంగుళాలు జరిపితే వచ్చే మార్పు దీనికంటే పెద్దది.

నేను బాగా వాడేది ఇంపెడెన్స్ (మైకు సిగ్నల్‌కి ప్రీయాంప్ ఇచ్చే నిరోధం) స్విచ్. 600, 1400, 2400, 6800 ఓమ్‌లు అని నాలుగున్నాయి. కండెన్సర్‌కి ఇవి మార్చినా పెద్దగా ఏమీ తెలియదు, రిబ్బన్‌కి మాత్రం తెలుస్తుంది. ఎం160ని 6800లో పెడితే పై స్థాయి స్వరాలు తెరుచుకుంటాయి, 600లో పెడితే లెవెల్ తగ్గి నాదం ముడుచుకుపోతుంది. నేను వీణకి 6800, చదవడానికి 2400 వాడతాను.

ఇందులోని ఫిల్టర్ 75 హెర్ట్జ్ కంటే కింది ధ్వనుల్ని, ఆక్టేవ్‌కి (ఒక స్థాయి దిగినప్పుడల్లా) 18 డెసిబెల్స్ చొప్పున కోస్తుంది. చదివేటప్పుడు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను, కింద రోడ్డు మీద లారీల గుడగుడ పోతుంది. వీణకి ఆపేయాలి. శ్రుతిని బట్టి అనుమంద్ర పంచమం (వీణలో అన్నిటికంటే కింది స్వరం పలికే తీగ) 75 కంటే కిందికి పోతుంది, ఫిల్టర్ ఉంటే ఆ తీగకి బరువే ఉండదు.

నచ్చనివీ ఉన్నాయి. మెట్ల నాబ్‌తో ఒక్కసారి 10 డెసిబెల్స్ ఎగురుతుంది, టేక్ మధ్యలో ముట్టుకోవడం కుదరదు. నిన్నటి సెట్టింగ్ గుర్తుంచుకునే సౌకర్యం లేదు, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోవాలి. ఛానెల్ ఒక్కటే. స్టీరియో కావాలంటే ఇంకోటి కొనాలి. అన్నిటికంటే ముఖ్యంగా, దీన్ని ఇంటర్‌ఫేస్‌లో, అప్పటికే పెంచిన సిగ్నల్ కోసం ఉండే లైన్ ఇన్‌పుట్‌కే కలపాలి. చాలా ఇంటర్‌ఫేస్‌లలో మైకు కేబుల్ పెట్టే ఎక్స్ఎల్ఆర్ పిన్నులు మైక్ ప్రీయాంప్‌కి పోతాయి, మధ్యలో ఉన్న జాక్ లైన్‌కి పోతుంది. అందుకని ఎక్స్ఎల్ఆర్ నుంచి టీఆర్ఎస్ (ఆ జాక్‌లో పట్టే ప్లగ్) కేబుల్ తీసుకుని, ఇంటర్‌ఫేస్ గెయిన్ పూర్తిగా తగ్గించి పెట్టాలి. లేకపోతే రెండు ప్రీయాంపులు ఒకదాని మీద ఒకటి పడతాయి, మంచిదానికి పెట్టిన డబ్బంతా వృథా.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. ఇంత గెయిన్ పెట్టినప్పుడు ఎర్తింగ్ సరిగ్గా లేని ప్లగ్ పాయింట్ వెంటనే బయటపడుతుంది, 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది. ప్రీయాంప్, ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్ మూడూ ఒకే ఎర్త్ ఉన్న స్పైక్ బస్టర్‌కి పెడితే మా ఇంట్లో పోయింది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తుంటే మాత్రం రికార్డింగ్ ఆపేస్తాను.

ఇంతా చెప్పాక, ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇదే కొనమంటానా? ఎక్కువమందికి చెప్పను. 2023లో వచ్చిన నాలుగో తరం స్కార్లెట్ 2ఐ2 ఇంటర్‌ఫేస్‌లో 69 డెసిబెల్స్ గెయిన్ ఉంది, ఎస్‌ఎం7బీకి అది చాలు. పాత ఇంటర్‌ఫేస్ మార్చడం ఇష్టం లేకపోతే మైకుకీ ఇంటర్‌ఫేస్‌కీ మధ్య క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 గానీ, ట్రైటన్ ఫెట్‌హెడ్ గానీ పెట్టుకోండి, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్‌లోనే ఇంటర్‌ఫేస్ పంపే కరెంటు) తీసుకుని ఒకటి 25, ఇంకోటి 27 డెసిబెల్స్ అందిస్తాయి, ఆ ఫాంటమ్‌ని మైకు దాకా పోనివ్వవు కూడా. ఐఎస్‌ఏ వన్ ధరలో చిన్న వంతే అవుతుంది. రిబ్బన్ మైకు ఉండి, మెల్లని వాద్యాలు రికార్డ్ చేస్తూ, ఇంపెడెన్స్ మార్చుకోవాల్సిన అవసరం ఉన్నవాళ్లకే దీని మీద ఖర్చు పెట్టమంటాను.

కొనేముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చేమీ లేదు. ఫ్యాన్, ఏసీ ఆపి, రోజూ పెట్టే గెయిన్‌లోనే ఒక నిమిషం నిశ్శబ్దాన్ని రికార్డ్ చేయండి. తర్వాత అదే మైకుని బట్టలు నిండిన బీరువాలో పెట్టి, దుప్పటి చుట్టి, తలుపేసి, ఇంకో నిమిషం రికార్డ్ చేయండి. గెయిన్ ముట్టుకోవద్దు. రెండోదాంట్లో చప్పుడు బాగా తగ్గితే మీ ఇబ్బంది గదిది, ప్రీయాంప్ మార్చినా పోదు. మైకు డైనమిక్ గానీ రిబ్బన్ గానీ అయ్యి, రెండిట్లోనూ హిస్ ఒకేలా ఉంటే అప్పుడు ప్రీయాంప్ గురించి ఆలోచించండి.