నో మ్యాన్స్ స్కై: ఇప్పుడు ధైర్యంగా కొనొచ్చు

2016 ఆగస్టులో ఈ అంతరిక్ష అన్వేషణ గేమ్ వచ్చిన మొదట్లోనే ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీద ఒకే చోటికి చేరారు. ఆటలో ఒకరినొకరు కలుసుకోవచ్చని ముందు చెప్పినా, ఒకరికొకరు కనపడలేదు. గేమ్ తయారుచేసిన హలో గేమ్స్‌నీ, దాని అధిపతి షాన్ మరేనీ జనం దుమ్మెత్తిపోశారు. ఆ కోపం న్యాయమే. అంతకుముందు విడుదల వాయిదా పడిందని చంపేస్తామంటూ బెదిరించడం మాత్రం దారుణం.

2018 జులైలో 'నెక్స్ట్' అనే అప్‌డేట్‌తో అసలైన మల్టీప్లేయర్, అంటే పలువురు కలిసి ఆడే వీలు, వచ్చింది. అప్‌డేట్లన్నీ ఉచితమే. 2024కల్లా గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఆటగాళ్ల మొత్తం రేటింగ్ 'వెరీ పాజిటివ్'కి ఎక్కింది, అదీ కష్టపడి సంపాదించుకున్న పేరు.

ఆటలో మా తమ్ముడి ఓడ నా పక్కనే దిగింది. వాడు కార్బన్ కోసం లేజర్‌తో మొక్కల్ని కోస్తుంటే ఎదురుగా నిలబడి చూశాను! సామాన్ల జాగా చటుక్కున నిండిపోవడం ఇప్పటికీ చిరాకే. అయినా కొనండి, తోడుగా ఒకరిని లాక్కెళ్లండి.