చిత్తూరు మామిడి తోటల్లో బస: అడ్వాన్సు కట్టే ముందు అడగాల్సినవి

చిత్తూరు నుంచి బంగారుపాళెం, మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు వైపు పోతే, తోటలో నాలుగు గదులు కట్టి టూరిస్టులకు బస ఇచ్చే చోట్లు కనిపిస్తాయి. ఫొటోల్లో అన్నీ ఒక్కటే: ఉయ్యాల, నులక మంచం, వెనకాల చెట్టు నిండా కాయ. ఏసీ ఉందా, వైఫై ఉందా అని తర్వాత కనుక్కోవచ్చు. ఫోన్‌లో ముందు అడగాల్సింది ఇది: "ఈ ఏడు కాయ మీదేనా అన్నా, గుత్తకిచ్చేశారా?"

ఈ ప్రాంతంలో చాలా తోటలు పూత మీదో పిందె మీదో వ్యాపారికి గుత్తకు పోతాయి. ఆ తర్వాత కాపలా, కోత అంతా ఆయనదే. అలాంటి తోటలో దిగితే నీడన కూర్చోవచ్చు గానీ కాయ మీద చెయ్యి వెయ్యడానికి లేదు. పిల్లోడు ఒక్కటి తెంపినా కాపలా మనిషి కేకలేస్తాడు, అందులో ఆయన తప్పేమీ లేదు. తప్పంతా "మీ చేత్తో మీరే కోసుకోండి" అని ప్రకటన ఇచ్చి, తీరా వచ్చాక మండీ నుంచి తెచ్చిన గంప ముందు పెట్టేవాళ్లది. కాయ సొంతంగా ఉంచుకున్న తోట దొరికితే గది కొంచెం పాతదైనా పర్వాలేదు.

తర్వాత చూసుకోవాల్సింది ఏ నెలలో వెళ్లాలన్నది. బేనీషా (బంగినపల్లి) మే, జూన్‌లలో. తోతాపురి, నీలం జూన్, జూలైలలో. కోత చూడాలంటే మే ఆఖరు, జూన్ మొదటి వారం మంచిది. ఎండ మండిపోతుంది కాబట్టి కోత తెల్లారగానే మొదలుపెట్టి, పొద్దెక్కేలోపు ముగిస్తారు. నింపాదిగా ఇడ్లీ తిని తొమ్మిదింటికి బయటికొచ్చేవాళ్లకు చూడ్డానికి ఆకులే మిగులుతాయి.

కొయ్యడానికి చిక్కం కట్టిన దోటి ఇస్తారు. కాయ భుజాలు తొడిమ చుట్టూ నిండుగా ఉబ్బాయో లేదో చూడాలి. అనుమానముంటే బకెట్ నీళ్లలో వెయ్యండి, ముదిరింది మునుగుతుంది, లేతది తేలుతుంది. తేలిన కాయను ఎన్నాళ్లు మాగేసినా తొక్క ముడతలు పడటమే తప్ప తీపి రాదు. తొడిమ రెండు వేళ్ల పొడవు ఉంచి కొయ్యాలి. మొదలంటా విరిస్తే సొన చిమ్ముతుంది. చర్మం మీద పడితే పొక్కుతుంది, కంట్లో పడితే ఇక ఆ రోజు ప్రయాణం ఆసుపత్రికే. కాయ మీద కారితే ఆ దారి వెంబడే నల్లటి చార వస్తుంది. అందుకే పనివాళ్లు చేతులకు కొబ్బరినూనె రాసుకుంటారు. తర్వాత తొడిమ కత్తిరించి, ఆ వైపు కిందికి ఉండేలా కాయను బోర్లించి సొన కారనిస్తారు, ఆపైన కడుగుతారు. ఇదంతా దగ్గరుండి చూపించే తోటకు నా లెక్కలో సగం మార్కులు అక్కడే పడిపోతాయి.

ఇంటికి పచ్చికాయే తీసుకెళ్లండి. వరిగడ్డి మీద ఒకే వరసగా పేరిస్తే బేనీషా దాదాపు వారానికి మాగుతుంది. మూసిన కారు డిక్కీలో ఎండకు వదిలేస్తే మాత్రం పైన మగ్గినట్టుండి లోపల చెడుతుంది. కార్బైడ్‌తో మాగపెట్టడం నిషేధం, ఎథిలీన్ గ్యాసుకు అనుమతి ఉంది. రంగు ఒకే పసుపులో ఉండి, ముక్కు దగ్గర పెట్టినా వాసన రాని పండును కొనకండి. ధర దగ్గర ఒక మాట. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 రూపాయలని ప్రకటించారు. అది గుజ్జుకు పోయే కాయ లెక్క. ఆ వార్త చూపించి ఏరి పెట్టిన బేనీషాను బేరమాడితే రైతు నవ్వుతాడు, ఇవ్వడు.

జూన్‌లో "మామిడి కోత, బెల్లం గానుగ రెండూ చూపిస్తాం" అంటే నమ్మకండి. బెల్లం వండేది చలికాలంలో, చెరకు నరికినప్పుడు. దానికోసం ఇంకోసారి రావచ్చు, వచ్చినా నష్టం లేదు. వెడల్పాటి పెనంలో రసం కాగుతుంటే సున్నపు తేట పోస్తారు, మడ్డి పైకి తేలుతుంది, దాన్ని తీసేస్తూ ఉండాలి. కింద మంటకు ఎండిన చెరకు పిప్పే. పాకం పొంగితే చుక్క నూనె వేసి అణుస్తారు. కాస్త పాకాన్ని చల్లనీళ్లలో వేసి వేళ్లతో ఉండ కడతారు, ఉండ నిలిచిందంటే దించే సమయం. ముందే దించితే బెల్లం వానాకాలానికి కారిపోతుంది, ఆలస్యమైతే మాడి నల్లబడి చేదెక్కుతుంది. మెరిసే పసుపు బెల్లం కోసం ఎగబడకండి, ఆ మెరుపు చాలాసార్లు రంగు తేలడానికి కలిపే హైడ్రోస్ అనే రసాయనానిది. పిల్లల్ని పెనానికి ఆమడ దూరంలో ఉంచండి. వేడి బెల్లం, వేయించిన చెనిక్కాయలు చేతిలో పెడితే వాళ్లే కదలకుండా కూర్చుంటారు. ఆ రోజుల్లోనే అనపకాయలు వస్తాయి కాబట్టి రాగి సంకటిలోకి పితికిపప్పు చెయ్యమని ముందురోజే చెప్పాలి. గింజలు నానాలి, ఒక్కొక్కటీ పితకాలి, అప్పటికప్పుడు అయ్యే వంట కాదది.

ద్రాక్షతోటలో గ్లాసు పట్టుకుని వైన్ రుచి చూసే షికారు కావాలంటే సరిహద్దు దాటి కర్ణాటకలోని నంది కొండల వైపు పోవాలి. ఇక్కడ గ్లాసులో పోసేది చెరకు రసమే.

పలమనేరు వైపు బసకు ఒక జాగ్రత్త ఉంది. కౌండిన్య అడవి ఏనుగులు పొలాల్లోకి దిగుతాయి. పండ్ల గంపలు గది వసారాలో వదలకండి, రాత్రిపూట టార్చి పట్టుకుని తోటలో తిరగకండి. సోలార్ కంచె ఉందో లేదో బుకింగ్ అప్పుడే అడగండి. తిరుపతి నుంచి చిత్తూరు సుమారు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి బంగారుపాళెం దగ్గరే. కానీ తోతాపురి కోతలు ముమ్మరంగా ఉన్నప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి, వెనక లైటు లేనివే ఎక్కువ. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే ఘాట్ దిగేయండి.