హైవే పక్కన ‘ట్రామా సెంటర్’ బోర్డు చూసి పేషెంటును దింపేయకండి

విజయవాడ హైవే మీద చౌటుప్పల్, హైదరాబాద్ మధ్య తిరిగేవాళ్లూ, వాళ్ల ఇళ్లలో ఉండేవాళ్లూ దయచేసి ఇది చదవండి. ‘24 గంటల ట్రామా సెంటర్’ అని ఎర్ర లైట్ల బోర్డు ఉన్నంత మాత్రాన లోపల సర్జన్ ఉన్నట్టు కాదు.

మా బావమరిది బైక్‌కి వెనక నుంచి కారు తగిలింది. అక్కడున్నవాళ్లు 108కి చేస్తుండగానే ఒక ప్రైవేటు అంబులెన్స్ వచ్చి ఆగింది. దగ్గర్లోనే ట్రామా సెంటర్ ఉందని డ్రైవరే చెప్పి ఎక్కించుకున్నాడు. అప్పటికి మావాడు బాగానే మాట్లాడుతున్నాడు. మా నంబరు కూడా తనే చెప్పాడట.

మేం వెళ్లేసరికి క్యాజువాలిటీలో ఉన్నది డ్యూటీ డాక్టరు ఒక్కరే. నుదుటికి కుట్లు వేసి సెలైన్ పెట్టారు. 50 వేలు అడ్వాన్స్ కడితేనే సీటీ స్కాన్ అన్నారు. కట్టాం. తీరా చూస్తే స్కాన్ గదికి తాళం! టెక్నీషియన్ ఇంటి నుంచి రావాలట. ఈలోగా మావాడు మత్తులోకి జారిపోయాడు, వాంతి చేసుకున్నాడు, పిలిస్తే మూలుగు తప్ప మాట లేదు. నా భార్య ఏడుస్తూ అడిగితే, "నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చాం, పడుకోనివ్వండమ్మా" అన్నారు.

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. తలకు దెబ్బ తగిలినవాడు కాసేపు మామూలుగా మాట్లాడి, తర్వాత మత్తుగా అయిపోతే అది నిద్ర కాదు. పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరి మెదడును నొక్కుతూ ఉండొచ్చు. వెంటనే స్కాన్ తీసి, పుర్రె తెరిచి ఆ గడ్డ తీసేస్తే చాలామంది బతికి బట్టకడతారు. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. అందుకే అక్కడ తాళం వేసిన గది ముందు గడిచిన ప్రతి నిమిషానికీ నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

స్కాన్‌లో గడ్డ కనిపించింది. న్యూరోసర్జన్ వస్తున్నారు, వస్తున్నారు అని కూర్చోబెట్టి, చివరికి ఫిల్మ్ ఫొటో ఆయనకు వాట్సాప్‌లో పంపి, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. బిల్లు మొత్తం కడితేనే ఫిల్మ్ ఇస్తామన్నారు. ఆ బిల్లులో ‘న్యూరోసర్జన్ విజిట్’ అని ఒక లైను ఉంది. ఆయన మొహం మాలో ఒక్కరూ చూడలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు, ప్రాణం దక్కింది. కుడి చెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

నిజమైన ట్రామా సెంటర్‌లో పేషెంటు చేరకముందే అంబులెన్స్ నుంచి కబురు అందుతుంది. ఊపిరి, రక్తస్రావం, స్పృహ వరసగా చూసే టీమ్ సిద్ధంగా ఉంటుంది. స్కాన్, ఆపరేషన్ థియేటర్, వెంటిలేటర్, రక్తం రాత్రి రెండింటికైనా అందుబాటులో ఉంటాయి. తల దెబ్బకు న్యూరోసర్జన్, ఎముకలకు ఆర్థో, కడుపు దెబ్బకు జనరల్ సర్జన్ ఉండాలి. ఇవి లేనిచోట చేయాల్సింది ఊపిరి నిలిపి, రక్తం ఆపి, ఆలస్యం చేయకుండా పెద్దచోటికి పంపడం. చిన్న ఆసుపత్రి కావడం తప్పేమీ కాదు. లేనిది ఉన్నట్టు చెప్పి పేషెంటును పట్టుకుని కూర్చోవడమే ఘోరం.

కాబట్టి అంబులెన్స్ కదిలేముందే ఎవరో ఒకరు ఆ ఆసుపత్రికి ఫోన్ చేయండి. "న్యూరోసర్జన్ ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నారా? స్కాన్ ఇప్పుడు నడుస్తోందా?" అని అడగండి. "ఆన్ కాల్ ఉన్నారు" అంటే, ఎంతసేపట్లో వస్తారో చెప్పించుకోండి. నసిగితే వేరేచోటు చూడండి. ప్రైవేటు బండి ముందే వచ్చి నిలబడినా 108కి ఫోన్ చేయడం మానొద్దు. హైవే మీదైతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033 కూడా ఉంది. ఊపిరి ఆడకపోతున్నా, రక్తం ఆగకపోతున్నా మాత్రం ఈ ఫోన్లతో ఆలస్యం చేయకుండా దగ్గరున్న ఆసుపత్రికే వెళ్లాలి.

డబ్బు విషయం. 2025 మే నుంచి కేంద్రం నగదు రహిత చికిత్స పథకం అమల్లో ఉంది. మోటారు వాహన ప్రమాదంలో గాయపడినవారికి, పథకంలో ఉన్న ఆసుపత్రిలో ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా వైద్యం చేయాలి. పథకంలో లేని ఆసుపత్రిలో అయితే ప్రాణాపాయం తప్పించే వరకే వర్తిస్తుంది. మీరు ఈ పథకంలో ఉన్నారా అని కౌంటర్లో గట్టిగా అడగండి. మమ్మల్ని అడ్వాన్స్ అడిగారే తప్ప ఈ మాట ఎవరూ ఎత్తలేదు. పోలీసు కేసు అయ్యాకే చూస్తాం అంటే అస్సలు ఒప్పుకోవద్దు. ముందు వైద్యం, తర్వాతే కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చి చెప్పింది. దారిన పోతూ సాయం చేసినవాళ్లకు కూడా మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ రక్షణ ఉంది. వాళ్లు తమ పేరు చెప్పనక్కర్లేదు.

మేం కేస్ షీట్ కాపీ కోసం రాతపూర్వకంగా అడిగాం. అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమాల్లోనే ఉంది. జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు ఇచ్చాం, వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాం. ఈ దారిలో మీకూ రాని డాక్టరు పేరుతో బిల్లు వేసి ఉంటే ఆ బిల్లు, డిశ్చార్జ్ సమ్మరీ, స్కాన్ మీద ముద్రించిన టైమ్ భద్రంగా పెట్టుకోండి. మా ఫిర్యాదులో బలంగా నిలిచినవి ఆ మూడే.