వరంగల్ నుంచి మహాబలిపురం: ఒక రాత్రి ఉండి చూడాల్సిన బండ

మనవైపు నుంచి మహాబలిపురం వెళ్లేవాళ్లు చాలామంది చెన్నైలో దిగి, కారు మాట్లాడుకుని మధ్యాహ్నానికి అక్కడికి చేరతారు. వాలు మీద దొర్లేలా నిలిచిన వెన్నముద్ద బండను చేతులతో ఆపినట్టు ఫొటో దిగి, సముద్రంలో కాళ్లు తడుపుకుని చీకటి పడకముందే తిరుగు ప్రయాణం కడతారు. ఆ ఊరికి ప్రాణంలాంటి, ఒళ్లంతా బొమ్మలు చెక్కిన అర్జునుడి తపస్సు బండ ముందు పది నిమిషాలు నిలబడేవాళ్లు తక్కువ. ఆ వేళకు వెళ్తే నిలబడాలనీ అనిపించదు. బండ తూర్పు ముఖంగా ఉంది. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఎండ నేరుగా తగిలి బొమ్మలు ఒక్కొక్కటిగా తేలి కనిపిస్తాయి. మధ్యాహ్నం దాటిందంటే అంతా నీడ, రాయీ బొమ్మా కలిసిపోతాయి. పైగా పది తర్వాత టూరిస్టు బస్సులు వరసగా వచ్చి ఆగుతాయి. అందుకే ముందురోజే చేరి రాత్రి అక్కడే ఉండాలి.

కాజీపేట, వరంగల్‌లో ఆగే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ రాత్రి ప్రయాణానికి అనువు. అది చెన్నై దక్షిణ శివారు తాంబరం దాకా వెళ్తుంది. చెన్నై ఎగ్మోర్‌లో దిగిపోకుండా తాంబరంలో దిగితే నగరం ట్రాఫిక్ తప్పుతుంది. అక్కడి నుంచి 515 నంబరు సిటీ బస్సు కేళంబాక్కం, తిరుప్పోరూరు మీదుగా మామల్లపురం పోతుంది. బోర్డు మీద మహాబలిపురం అని కాక మామల్లపురం అనే ఉంటుంది, ఆ పేరుతోనే అడగాలి. చెన్నై సెంట్రల్ వెళ్లే రైలెక్కితే స్టేషన్ ఎదుటి పార్క్ స్టేషన్లో లోకల్ పట్టుకుని తాంబరం రావచ్చు. సామాను ఎక్కువుంటే ఆ మెట్లు, రద్దీ కష్టం.

బసకు ఒత్తవాడై వీధి, దాని అడ్డవీధి మంచివి. లాడ్జీలు చిన్నవే అయినా తపస్సు బండకూ సముద్రతీర గుడికీ నడిచి వెళ్లొచ్చు. సముద్రపు తేమకు గోడలు చెమ్మగిల్లి వాసన కొట్టే గదులుంటాయి. డబ్బు కట్టకముందే గది తలుపు తీయించి, పరుపు తడిమి చూడాలి. తమిళనాడు టూరిజం వాళ్ల బీచ్ రిసార్టులో చోటు ఎక్కువ, పిల్లలున్నవాళ్లకు అది నయం. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీది పెద్ద రిసార్టులు హాయిగానే ఉంటాయి కానీ పొద్దున ఆరింటికి అక్కడ ఆటో దొరకడం కష్టం, దాంతో అసలు పనే చెడుతుంది. శని, ఆదివారాలు చెన్నై జనం దిగుతారు, వారం మధ్యలో వెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు అక్కడ వానలు, తుపానులు. మనకు అది పొడి కాలం కాబట్టి చాలామంది ఈ సంగతి మరిచిపోయి టికెట్లు తీసుకుంటారు.

ఇక బండ. దాదాపు 30 మీటర్ల పొడవు, నాలుగంతస్తుల మేడంత ఎత్తు. ఏడో శతాబ్దపు పల్లవుల పని. నిజానికి ఇవి పక్కపక్కనున్న రెండు గుండ్లు. మధ్య చీలికను శిల్పులు గంగను చేశారు. అందులో నాగరాజు, నాగిని చేతులు జోడించి పైకి వస్తుంటారు. బండ పైన నీళ్లు నిలిపే తొట్టి ఆనవాళ్లున్నాయి, అంటే అప్పట్లో ఈ చీలికలోంచి నిజంగానే నీళ్లు వదిలి ఉంటారు. చీలికకు ఎడమవైపు ఒంటికాలి మీద నిలబడి చేతులెత్తిన తపస్వి, పక్కనే వరమిస్తున్న శివుడు. అర్జునుడని కొందరు, భగీరథుడని కొందరు. నీటి చుట్టూ ఇంత కథ అల్లారు కాబట్టి భగీరథుడి పక్షమే బలంగా కనిపిస్తుంది.

పైనుంచి చూపు కిందికి దించండి. ఎడమవైపు చిన్న గుడి దగ్గర ఒకడు భుజాన నీళ్లకుండ మోస్తున్నాడు, ఇంకొకడు తడిబట్ట పిండుతున్నాడు. ఓ జింక వెనక కాలితో ముక్కు గోక్కుంటోంది. కుడివైపు నిలువెత్తు ఏనుగులు, వాటి కాళ్ల మధ్య గున్నలు. ఏనుగు దగ్గరే ఒక పిల్లి తపస్విలాగే చేతులెత్తి నిలబడింది, దాని చుట్టూ ఎలుకలు. మనం కొంగజపం అనేది అక్కడ పిల్లి చేస్తోంది. కంచె బయటి నుంచే ఇవన్నీ కనబడతాయి, చిన్న బైనాక్యులర్ ఉంటే పైవరస దేవతలు కూడా తెలుస్తారు.

రామప్పను చూసిన కళ్లతో ఇక్కడ గజ్జెల పూసలు, హారాల నగిషీ వెతికితే నిరాశే. రామప్ప గుడి మదనికల (స్త్రీమూర్తుల)ది సన్నరేణువుల నల్లరాయి, నునుపు పట్టి దారమంత గీత నిలుస్తుంది. ఇది ముతక గ్రానైటు. అంత సన్నపని చేస్తే పెచ్చు లేచిపోతుంది. అందుకే పల్లవ శిల్పులు భంగిమ మీద, బరువు మీద దృష్టి పెట్టారు. ఏకశిల చుట్టూ ఊరు కట్టుకున్న మనకు, రాతిని కదపకుండా ఉన్నచోటే కొండను బొమ్మగా మలచడం ఎంత కష్టమో తేలిగ్గా అర్థమవుతుంది. అదే రోడ్డు మీద దక్షిణంగా పోతే సగంలో ఆపేసిన మరో తపస్సు బండ ఉంది. గైడ్లు దాన్ని చూపించరు, మీరే వెళ్లి చూడండి. పూర్తికాని గుహల్లో ఉలితో గళ్లుగళ్లుగా గాడులు తీసి, మధ్య గడిని కొట్టి పడగొట్టిన తీరు కూడా కనిపిస్తుంది.

తొమ్మిది తర్వాత బండ వెనక గుట్ట మీద తిరగండి. గణేశ రథం, వరాహ మండపం, లైట్‌హౌస్ కింద మహిషమర్దిని గుహ. వరాహ మండపాన్ని మాత్రం వదలొద్దు. బండ నున్నగా ఉంటుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. పంచరథాలకూ (ఏకరాతిలో చెక్కిన ఐదు గుళ్లు) సముద్రతీర గుడికీ కలిపి ఒకటే టికెట్, 40 రూపాయలు. ఆ రోజుకే చెల్లుతుంది, చివరిదాకా పారేయకండి. సముద్రంలో మోకాళ్లు దాటి దిగొద్దు, అడుగున లాగే ప్రవాహం గట్టిది.

శిల్పం కొనాలనుకుంటే అడుగుభాగాన్ని బ్లేడుతో గీయండి. తెల్లగా పొడి రాలితే బలపం రాయి, గ్రానైటుకు గీతే పడదు. అంచున సన్నటి అతుకు గీత, గాలిబుడగల గుంటలు కనిపిస్తే అచ్చుపోసిన బొమ్మ. తిరుగు రైలు తాంబరంలో సాయంత్రమే కాబట్టి మధ్యాహ్నం రెండింటిలోపు బస్సెక్కాలి.