కుడి అణువు, ఎడమ అణువు: లేజరా, ఎన్‌ఎమ్‌ఆరా?

ఆంధ్రా యూనివర్సిటీ నుంచి బీచ్ రోడ్డుకి దిగేటప్పుడల్లా మా పీహెచ్‌డీ బ్యాచ్‌లో ఒకటే వాదన. ఒక అణువు, అద్దంలో దాని బింబం: రెండింటి శక్తీ అచ్చంగా ఒకటేనా? బలహీన కేంద్రక బలం (కేంద్రకాల బీటా క్షయానికి కారణమైన బలం) కుడి ఎడమల్ని సమానంగా చూడదని 1957లోనే కోబాల్ట్-60 ప్రయోగం తేల్చేసింది. అణువుల్లో మాత్రం ఆ తేడా ఇంకా ఎవరికీ చిక్కలేదు.

ఆ తేడాని పట్టడానికి లేజర్‌ది పాత దారి. 1999లో పారిస్ బృందం బ్రోమోక్లోరోఫ్లోరోమీథేన్ కంపనాలని పది లక్షల కోట్లలో నాలుగు వంతుల దాకా పోల్చి చూసింది. అసలు తేడా అంతకన్నా చాలా చిన్నది. పైగా కుడి, ఎడమ అణువుల్ని వేరుచేసి, వాయువుగా పట్టాలి.

నా ఓటు ఎన్‌ఎమ్‌ఆర్‌కే, అంటే అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాలు ఏ పౌనఃపున్యం దగ్గర స్పందిస్తాయో గీతలుగా చూపే పద్ధతికే. కుడి, ఎడమ అణువులు రెండూ ఒకే ట్యూబులో ఉంటాయి కాబట్టి అయస్కాంత క్షేత్రం కాస్త జారినా వాటి గీతలు కలిసే జారతాయి. కైరల్ ద్రావకం (తన అణువులకీ కుడి ఎడమ రూపాలున్నది) కలిపితే గీత రెండుగా చీలుతుంది. చీలింది కదా అని గంతులేయకండి, అది ద్రావకం పని! ద్రావకంలోనే కుడి ఎడమల్ని సమపాళ్లకి తెస్తూ పోతే ఆ చీలిక సున్నాకి దిగాలి. దిగకుండా మిగిలిందే అసలు సరుకు. ప్లాటినం, థాలియం లాంటి బరువైన కేంద్రకాల్లో అది పెరుగుతుంది. కానీ వాటి గీతలు మహా లావు. అందులో మిల్లీహెర్ట్జ్ తేడా వెతకడమంటే ఆర్కే బీచ్ ఇసుకలో ఆవగింజని ఏరడమే.