షీట్ల లెక్క తేల్చే ఓపెన్‌కట్‌లిస్ట్

మియాపూర్‌లోని ఒక ఫ్లాట్‌లో వంటింటి కప్‌బోర్డులకు ఎంత ప్లైవుడ్ పడుతుందో తేల్చుకోవడానికి, స్కెచప్ అనే 3డి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే ఓపెన్‌కట్‌లిస్ట్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్‌ను వాడాను. గీసిన బొమ్మ నుంచి ముక్కల జాబితాను, కోత పటాలను, ముక్కలకు అంటించే లేబుళ్లను ఇది తయారుచేసి ఇస్తుంది.

దీని అసలు విలువ బ్లేడు మందాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడంలో ఉంది. 8×4 అడుగుల షీటు అంటే సుమారు 2440×1220 మిల్లీమీటర్లు. పెట్టె లోతు 610 పెట్టుకుంటే చదరపు అడుగుల లెక్కలో వెడల్పుకు రెండు పట్టీలు సరిగ్గా సరిపోయినట్టే ఉంటాయి గానీ, మధ్యలో బ్లేడు మూడు నాలుగు మిల్లీమీటర్లు తినేస్తుంది కనుక నిజానికి దక్కేది ఒక్కటే. లోతును 600కు తగ్గించగానే రెండు పట్టీలూ పటంలో పక్కపక్కన అమరాయి, మేస్త్రిగారు ఆ మార్పుకు వెంటనే ఒప్పుకున్నారు. చారలున్న బోర్డు వాడేటప్పుడు ముక్క అడ్డం తిరగకుండా దిశను ఖాయం చేయవచ్చు. తలుపులన్నీ ఒకే తీరుగా కనబడాలనుకునేవారికి ఇది ఎంతో అవసరం.

అయితే ప్రతి ముక్కనూ కాంపొనెంట్‌గా (స్కెచప్ విడి వస్తువుగా గుర్తించే భాగంగా) మార్చి, దానికి మెటీరియల్ రకం కేటాయించాలి, లేకపోతే లెక్క సరిగా రాదు. ధరలనూ మనమే నింపాలి. రాణిగంజ్ దుకాణాల్లో కొటేషన్ తీసుకున్నాక నింపడం మేలు. ఫెవికాల్, మేకులు, కూలీ ఖర్చులను విడిగా కలుపుకోవాలి.